సొరకాయ పాట

పోయిన ఆదివారం డోర్నకల్ అవతల ఒక పల్లె చర్చిలో సొరకాయ ఒకటి 1,250 రూపాయలు పలికింది. సంతలో దాని ఖరీదు ఇరవై. పైగా ముదురుకాయ, గోరు గుచ్చితే దిగదు. పాడుకున్నాయన కొత్తగూడెంలో సింగరేణి ఉద్యోగి, పండుగకని సొంతూరికి వచ్చాడు. కాయ చేతికి అందగానే తిరిగి బల్ల మీద పెట్టి, "మళ్ళీ పాడండి" అన్నాడు. ఒకటే చప్పట్లు. నాకు ఒళ్ళు మండింది.

ఎందుకు మండిందో ఈ కాలమ్ చదివేవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. ట్యూబ్‌లైట్ల మీద నేను రాసినంత కరెంటు శాఖ కూడా రాసి ఉండదు. గుడికి ట్యూబ్‌లైటు ఇచ్చినాయన దాని మీద తన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు ఎర్రరంగుతో రాయిస్తాడు. మిగిలిన సందులోంచి దేవుడి మీద కాస్త వెలుతురు పడుతుంది. ఫ్యాను రెక్కల మీద రాసిన పేరైతే కరెంటు పోతే తప్ప చదవలేం. పెళ్ళిలో చదివింపులు మైకులో చదివినా, అన్నదానానికి ఫ్లెక్సీ కట్టినా నాది ఒకటే గోల: ఇచ్చినవాడు నోరు మూసుకుని ఇవ్వాలి. అలాంటి నన్ను తీసుకెళ్ళి వేలంపాట ముందు కూర్చోబెట్టారు.

కూర్చోబెట్టింది పాత స్నేహితులు, భార్యాభర్తలు. అతను రైల్వేలో పనిచేసి డోర్నకల్ జంక్షన్‌లో రిటైరై, భార్య పుట్టినూళ్ళో ఇల్లు కట్టుకున్నాడు. నలభై కుటుంబాలుండే చిన్న సంఘానికి ఇప్పుడు అతను పెద్ద. ఆమె, నేను చెల్లెమ్మ అని పిలిచే మనిషి, స్త్రీల మైత్రి అనే చర్చి ఆడవాళ్ళ సంఘం లెక్కలు చూస్తుంది. కోతకాల పండుగకు రమ్మని ఏటా పిలుస్తున్నారు. ఈసారి శనివారం మధ్యాహ్నానికే దిగాను.

నిజానికి శనివారం రాత్రి నాకు బ్రహ్మానందంగా ఉంది. వంటింట్లో చెల్లెమ్మ బియ్యం కొలిచి గిన్నెలో పోసింది. కడగబోయే ముందు అందులోంచి ఒక పిడికెడు వెనక్కి తీసి, అటక కింద ఉన్న డబ్బాలో వేసింది. పూటపూటా అంతేనట. ఆదివారం ఆ బియ్యం సంచిలో పోసుకుని చర్చికి తీసుకెళ్తారు, గుమ్మం పక్కన డ్రమ్ములో పోస్తారు. నెలాఖరుకు అమ్మి, వచ్చిన డబ్బుతో ఎవరికో మందులు, ఎవరి ఇంటికో రేకులు. ఏ గింజ ఎవరిదో తెలియదు, పేరు లేదు, మైకు లేదు! ఈ వారం కాలమ్ అక్కడే సగం తయారైపోయింది.

మిగతా సగానికి సరుకు కూడా తట్టింది. మిజోరంలో ప్రెస్బిటేరియన్ సంఘాల ఆడవాళ్ళు 1910 నుంచి ఇదే పని చేస్తున్నారు. బుహ్‌ఫాయ్ థామ్ అంటారు. పిడికెడు పిడికెడు కలిసి ఇప్పుడు ఏడాదికి కోట్ల రూపాయలవుతోంది. తమిళనాట చర్చిల్లో పిడి అరిసి ఉంది. కంచి పెద్ద స్వామి చంద్రశేఖరేంద్ర సరస్వతి కూడా అదే పిడి అరిసి పేరుతో ఇల్లిల్లూ పిడికెడు బియ్యం తీసి పెట్టమని చెప్పి, ఆ బియ్యం వండి గుళ్ళో నైవేద్యం పెట్టి పేదలకు పంచే పద్ధతి నడిపించారు. మతాలు వేరు కావచ్చు, బియ్యం తీసే చెయ్యి మాత్రం ఒక్కటే, అది ఇంటి ఆడమనిషిది.

అన్నట్టు, ఆ సాయంత్రం డోర్నకల్ ఎపిఫనీ కథీడ్రల్‌కు కూడా వెళ్ళాం. గుమ్మటాలు చూస్తే మసీదు, స్తంభాలు చూస్తే దేవళం. పాతికేళ్ళపాటు కడుతూ కడుతూ 1939లో ప్రతిష్ఠ చేశారు. కట్టించిన బిషప్ అజరయ్య ఆ ఆవరణలోనే సమాధిలో ఉన్నారు. మన చరిత్ర పుస్తకాలు ఎందుకో ఆయన్ను పట్టించుకోలేదు. తిరునల్వేలి ప్రాంతంలో 1874లో పుట్టిన తమిళుడు. 1909లో డోర్నకల్ వచ్చి, ముప్ఫై అయిదేళ్ళ వయసులో తెలుగు అక్షరాలు దిద్దుకున్నాడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. అంతకు రెండేళ్ళ ముందే ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీలంతా కూర్చున్న సభలో లేచి, మీరు మాకు ఎంతో ఇచ్చారు, కానీ మాతో స్నేహం చేయలేదు అన్న అర్థం వచ్చేలా మాట్లాడి సభను ఇబ్బందిలో పడేశాడు. పెట్టే చెయ్యి పైనా, పుచ్చుకునే చెయ్యి కిందా ఉన్నంత కాలం స్నేహం కుదరదని ఆయనకు తెలుసు.

అందుకే కాబోలు ఇక్కడికొచ్చాక పల్లె సంఘాలను ఇవ్వమని వెంటపడ్డాడు. దానం మీద ఇంగ్లీషులో ఒక పుస్తకమే రాశాడు. 1941 నాటికి ఆ డయోసీస్‌లో క్రైస్తవులు రెండు లక్షలు దాటారు. ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాల వాళ్ళు, సొంత చెక్క లేనివాళ్ళు, దొరల దగ్గర జీతాలున్నవాళ్ళు. తమకే జరగనివాళ్ళను ధాన్యం తెండి, కోడి తెండి, గుడ్డు తెండి అనడం ఏమిటని కథీడ్రల్ మెట్ల మీద కూర్చుని అడిగాను. "ఎప్పటికీ తీసుకునేటోడిగనే ఉంచితే మనిషి నిలబడ్తడా అన్నా?" అన్నాడు మా వాడు. పాయింటే. అయినా దానికి వేలంపాట ఎందుకన్నది నా ప్రశ్న. హైదరాబాదులో ఆ తంతు చూస్తూనే ఉన్నాం. బాలాపూర్ గణేశుడి లడ్డూ 1994లో 450 రూపాయలకు పోయింది, 2025లో 35 లక్షలకు. లడ్డూ బరువేమీ పెరగలేదు.

ఆదివారం చర్చికి నడుస్తూ చెల్లెమ్మతో ఆమె బియ్యం డబ్బాను పొగిడాను. నవ్వింది. "డ్రమ్ముల పడితే ఎవరివో తెల్వదనుకుంటున్నరా అన్నయ్యా?"

తెలియకపోవడమేం, చూడగానే తెలిసేదట. భూమి ఉన్నవాళ్ళవి సన్నాలు, లేనివాళ్ళవి రేషను దొడ్డుబియ్యం. డ్రమ్ములో పైన పడిన పొర చూస్తే సంచి ఎవరిదో చిన్నపిల్లలు కూడా చెప్పేవాళ్ళు. అసలు తంటా తర్వాత వచ్చేది. రెండు రకాలూ కలిసిన బియ్యం ఒక ఎసట్లో ఉడకవు. దొడ్డువి పలుకు విరిగేసరికి సన్నవి ముద్దయిపోతాయి. దోసెల పిండికి తప్ప ఎవరూ కొనరు, రేటు పడిపోతుంది. ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనలేదు. కానీ ఇంట్లో దొడ్డన్నం తింటూ, ఆదివారం కోసం దుకాణంలో సన్నాలు ఒక గ్లాసెడు కొని తెచ్చినవాళ్ళు ఉన్నారట. అదీ కుదరక నాలుగు వారాలు చర్చికే రానివాళ్ళూ ఉన్నారట. 2025 ఉగాది నుంచి రేషను షాపులోనూ సన్నబియ్యమే ఇస్తుండటంతో డ్రమ్ములో గింజలన్నీ ఒకటయ్యాయి. ఇప్పుడు సంచి లావు చూస్తారు, అంతే తేడా.

ఈ మాటలతోనే లోపలికెళ్ళి చాప మీద కూర్చున్నాను. ఆరాధన అయింది, అయ్యగారు ఆశీర్వాదం ఇచ్చారు, బల్ల ముందుకు జరిపారు. గుమ్మడికాయలు, చెరుకు గడలు, వరికంకుల కుచ్చు, ఒక సంచి ఎండుమిర్చి, గుడ్ల బుట్ట, కాళ్ళు కట్టిన పుంజు. పాట నడిపేది ఆటో తోలే కుర్రాడు. అతని పనితనం చూశాక నా మంట కాస్త పక్కకు పెట్టక తప్పలేదు.

సంఘం వారి పాట పది రూపాయలంటూ మొదలుపెడతాడు. ఏ ఇద్దరు తోడల్లుళ్ళకు పడదో అతనికి తెలుసు, పుంజును వాళ్ళ మధ్యకు తోస్తాడు. పెద్ద పాటలు రెండవగానే నాలుగు గుడ్లు విడిగా తీస్తాడు, చేతిలో నలభై ఉన్నవాళ్ళు కూడా నోరు విప్పడానికి. కూలికి పోయే మనిషి ముప్ఫై అన్నదంటే ఒకటోసారి, రెండోసారి, మూడోసారి ఒకే ఊపిరిలో కొట్టేసి వస్తువు చేతిలో పెడతాడు, పైన ఇంకొకరు పాడే సందు ఇవ్వడు. అదే సింగరేణి ఆయన అయిదు వందలన్నాడా, ఒకటోసారికీ రెండోసారికీ మధ్య నాలుగు చరణాల కీర్తన పాడొచ్చు. మూడోసారి అనడు గాక అనడు. దేవుడి ముందు ఇంత పక్షపాతం నేనెక్కడా చూడలేదు.

ఇంకోటి గమనించాను. పాడుకున్నవాడి పేరు అతను చివర్లో ఒక్కసారే అంటాడు. ఇచ్చినవాళ్ళ పేరు మాత్రం పాట పెరిగినప్పుడల్లా అంటాడు. ఫలానా అమ్మగారి సొరకాయ రెండొందలు, ఫలానా అమ్మగారి సొరకాయ మూడొందలు... ఆ అమ్మ కిటికీ పక్కన కూర్చుంది, మిరపకోత కూలీ. "ఊళ్ళె ఆమెను గారు అనేది ఇక్కడొక్క దగ్గరనే" అన్నాడు మా వాడు నా చెవిలో. గట్ల మీద ఆమె పేరు చివరి అక్షరం కూడా ఎవరూ పూర్తిగా పలకరట. ఇక్కడ స్పీకరు బాక్సులోంచి రోడ్డు అవతల దుకాణం దాకా వినబడుతోంది, పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా.

ట్యూబ్‌లైటాయన తన పేరు తనే రాయించుకున్నాడు కాబట్టి ఆయన మీద నా కోపం అలాగే ఉంటుంది. ఈ పాట సంగతి వేరు. 1,250 ఇచ్చినాయన గొప్ప కోసమే ఇచ్చాడనుకుందాం, ఇవ్వనీ. ఆయన గొప్పకు పోయిన కొద్దీ ఆమె పేరే మోగుతోంది. డ్రమ్ములో అది లేదు. అక్కడ పేర్లు గుసగుసల్లో ఉంటాయి, అది నాకు మైకు కంటే కష్టంగా తోచింది. పేరు చెప్పకుండా ఇవ్వమని వారం వారం నేను చెప్పడం సులువే, నా పేరు ఫొటోతో సహా ఈ కాలమ్ పైన అచ్చవుతోంది కదా.

సొరకాయ రెండోసారి ఆరు వందలకు పోయి, మళ్ళీ బల్ల మీదకొచ్చింది. మూడోసారి ఆమె పక్కింటావిడ నలభై అనగానే కుర్రాడు ఊపిరి తిప్పుకోకుండా కొట్టేశాడు. తినేకాయ కాదని అప్పుడు తెలిసింది. పాదులో మంచికాయను చూసి విత్తనానికి వదిలిందట, అదే తెచ్చింది. పక్కింటావిడకు కావలసిందీ విత్తనాలే.

భోజనాల దగ్గర పెద్దల మధ్య వేరే చర్చ. కానుకలకు క్యూఆర్ కోడ్ పెడదామని కుర్రవాళ్ళు పట్టుబడుతున్నారు. చిల్లర బాధ ఉండదు, లెక్క దానంతటదే వస్తుంది. దుకాణాల్లో ఉండే సౌండ్ బాక్సు కూడా గుమ్మం దగ్గర పెడతారట, డ్రమ్ము పక్కనే. ఎంత వేశారో అది పైకి అరుస్తుంది, ఎవరు వేశారో చెప్పదు. అయిదు రూపాయలు వేసినా అరుస్తుంది. ఈ ఒక్క సంగతి మీదే చెల్లెమ్మ గట్టిగా అడ్డం తిరిగింది. క్యూఆర్ అతికించుకోండి, పెట్టె మాత్రం లోపలికి రాకూడదంది. వచ్చే నెల కమిటీ కూర్చుంటుంది. మా వాడు ఏ పక్షమో ఇంకా తేల్చలేదు, ఆమె ముందు తేలుస్తాడని కూడా నేననుకోను.