చంపినోడిదే పోస్టర్

సినిమా వ్యాపారులకు కర్నూలు, కడప, అనంతపురం, చిత్తూరు అన్నీ కలిపి ఒకటే పేరు: సీడెడ్. 1800లో నిజాం ఈ ప్రాంతంలో చాలాభాగాన్ని ఈస్టిండియా కుంపిణీకి ధారపోసినప్పుడు పడ్డ పేరది. 1928లో నంద్యాల సభలో పెద్దలు రాయలసీమ అని పేరు పెట్టుకున్నా, బయ్యర్ల చిట్టాలోంచి పాతపేరు పోలేదు. పెద్ద హీరో సినిమాకు సీడెడ్ హక్కులు కొనాలంటే చిన్న బయ్యర్ తట్టుకోలేడు. అతనికి అందుబాటులో ఉండేది డబ్బింగ్ సినిమా, చిన్న సినిమా. పండగ సినిమాలు వెళ్ళిపోయాక, తర్వాతి పెద్ద సినిమా వచ్చేలోపు థియేటర్‌ను వారం పదిరోజులు నడిపించే సరుకు అది.

ఆ సరుకులో నాకు ఇష్టమైనది వరస హత్యల సినిమా. ఇందులో దాచుకోవాల్సిందేమీ లేదు. భారతీరాజా తమిళంలో తీసిన ‘సిగప్పు రోజాక్కళ్’ మనకు ‘ఎర్ర గులాబీలు’గా వచ్చిన నాటినుంచీ ఈ బాపతు సినిమాలకు మా ఊళ్ళలో గిరాకీ ఉంది. దానికంటే కమల్ హాసన్, శ్రీదేవి ఉన్నారు. ఆ తర్వాత వచ్చినవాటికి తారలతో పనిలేకుండా పోయింది. హంతకుడే హీరో, పేపర్లో వచ్చిన నేరవార్తే ముందస్తు పబ్లిసిటీ. కథకు డబ్బులివ్వక్కర్లేదు, పోలీసుల ప్రెస్‌మీట్లో కథంతా ఉంటుంది. ఒక ఇల్లు, ఒక స్టేషన్, ఒక తుప్పల దిబ్బ ఉంటే లొకేషన్ల ఖర్చు తీరిపోతుంది. రాత్రిపూట తీస్తే సెట్లో లోపాలు చీకట్లో కలిసిపోతాయి.

కర్నూల్లో గోడలకు పోస్టర్లు అంటించే పెద్దాయనొకరు నాకు పరిచయం. బకెట్లో ఉడికించిన మైదా, చేతిలో చీపురుకట్ట, సైకిల్ క్యారియర్ మీద చుట్టచుట్టిన కాగితాలు. పోస్టర్ మీద హంతకుడి కళ్ళు తప్ప ఇంకేమీ లేవేమని ఒకసారి అడిగాను. “సచ్చినోళ్ళ బొమ్మేస్తే ఎవురొస్తారు సామీ? సంపినోడి బొమ్మెయ్యాల” అన్నాడు చీపురు దులుపుతూ. ఈ రకం సినిమా కిటుకంతా ఆ మాటలోనే ఉంది.

అన్నిటికన్నా బాగా ఆడినదాన్నే తీసుకుందాం. శ్రీనివాసరాజు దర్శకత్వంలో 2012లో కన్నడంలో వచ్చిన ‘దండుపాళ్య’ తెలుగులోకి ‘దండుపాళ్యం’గా దిగింది. బెంగళూరు శివార్లలో, హొసకోటె దగ్గరి పల్లె పేరది. 1990ల చివర్లో ఒంటరి ఇళ్ళ మీదపడి గొంతులు కోసిన ముఠా కథ. పూజాగాంధీ, మకరంద్ దేశ్‌పాండే ముఠా మనుషులు. వాళ్ళను వేటాడే ఇన్‌స్పెక్టర్ చలపతి పాత్ర మన రవిశంకర్‌ది. ‘అరుంధతి’లో పశుపతికి గొంతు అరువిచ్చి ‘బొమ్మాళి’ని ఇంటిపేరు చేసుకున్న రవిశంకరే. అందువల్ల డబ్బింగ్ సినిమా అన్న స్పృహే మా హాల్లో జనానికి కలగలేదు.

సెకండ్ షోకు వెళ్ళి చూశాను. అందులో నేను మరిచిపోలేనిది రక్తం కాదు, తలుపు. మధ్యాహ్నం వేళ. వీధిలో అలికిడి లేదు. ఇంట్లో ఆడమనిషి ఒక్కతే. తలుపు తడతారు. దాహంగా ఉంది, కాసిన్ని నీళ్ళిస్తారా అని ఒక ఆడగొంతు అడుగుతుంది. ఇంటావిడ గ్లాసు తేవడానికి లోపలికి తిరుగుతుంది. ఇక్కడ దర్శకుడు పైసా ఖర్చుపెట్టలేదు. క్రేన్ లేదు, గ్రాఫిక్స్ లేవు. తిరిగిన వీపు, తెరిచిన తలుపు, అంతే. హాల్లో ఈలలు ఆగిపోయాయి. నా వెనక వరసలో ఎవరో “తీయొద్దుమ్మా” అన్నారు పైకే. డబ్బులేని దర్శకుడికి భయం పుట్టించడం చేతనైతే ఎలా ఉంటుందో ఆ నిమిషం చూపిస్తుంది. పనితనం పనితనమే, కాదనను.

అయితే ఆ సీను దేన్ని పెట్టుబడిగా పెట్టుకుందో కూడా చూడాలి. మా సీమలో గుమ్మంలోకి వచ్చి నీళ్ళడిగిన మనిషిని కాదనడం పాపం కన్నా ఎక్కువ. బిందె నీళ్ళకోసం మైళ్ళు నడిచిన ఆడవాళ్ళున్న నేల ఇది. దాహం విలువ తెలుసు కాబట్టే, ఎవరు ఏమిటని అడక్కుండా ముందు చెంబు అందిస్తాం. ఆ సినిమా సరిగ్గా ఆ మర్యాద మీదే కత్తి పెట్టింది. అది ఆడిన రోజుల్లో మా వీధిలో గాజులమ్ముకునే ఆమెకు, ఈతచాపలు తెచ్చే ఆమెకు కిటికీలోంచే సమాధానం దొరికేది. సినిమాకు వచ్చిన షేరు బయ్యర్‌కు పోయింది. దాని ఖర్చులో కొంత మాత్రం ఎండలో నిలబడ్డ ఆ ఆడవాళ్ళు కట్టారు.

తలుపు వేసుకోవడం దగ్గరే ఇది ఆగదు. 2018 మే నెలలో పార్థీ గ్యాంగ్ అనే దొంగల ముఠా దిగిందని వాట్సాప్‌లో పుకార్లు లేచాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జనం కర్రలు పట్టుకుని రాత్రుళ్ళు కాపలా కాశారు. భాష తెలియని కూలీలు, బిచ్చగాళ్ళు, మతిస్థిమితం లేనివాళ్ళు దెబ్బలు తిన్నారు, ప్రాణాలూ పోయాయి. దానికి ఫలానా సినిమాయే కారణమని నేననను. కానీ దొంగలముఠా అంటే ఎలా ఉంటుందో, ఏ బట్టలు కడుతుందో, ఏ కులంలోంచి వస్తుందో మనకు ముందే బొమ్మకట్టి చూపించినవి ఈ సినిమాలే. పుకారు ఆ బొమ్మకు ఊపిరి పోసిందంతే.

ఆ బొమ్మ మొదట గీసింది సర్కారు. 1871లో తెల్లవాళ్ళు తెచ్చిన నేరస్థ జాతుల చట్టం పుట్టుకతోనే కొన్ని కులాలను దొంగలుగా లెక్కకట్టింది. కోస్తాలో స్టువర్టుపురం, మన ఆత్మకూరు దగ్గర సిద్ధాపురం అలా మనుషుల్ని కట్టడి చేసిన సెటిల్‌మెంట్లే. 1952లో చట్టం పోయింది. సినిమా దాన్ని పోనివ్వలేదు. స్టువర్టుపురం పేరుతో 1991లో సినిమాలొచ్చాయి, 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’ వచ్చింది. ఆ చివరిదాని మీద ఎరుకల సంఘంవాళ్ళు హైకోర్టు దాకా వెళ్ళాల్సి వచ్చింది. ఊరిపేరు టైటిల్ అయితే ఆ ఊళ్ళో పుట్టిన పిల్లవాడు ఉద్యోగం ఇంటర్వ్యూలో ఏ ఊరని అడిగినప్పుడు ఏం చెప్పుకుంటాడన్నది నిర్మాత లెక్కలోకి రాదు.

కడపవాళ్ళకు ఇది ఒకరు చెప్పక్కర్లేదు. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2001లో ‘నరసింహనాయుడు’ కనకవర్షం కురిపించాక మా జిల్లాలు టాటా సుమోలు లేచే నేలగా స్థిరపడిపోయాయి. అవి పెద్ద బడ్జెట్ సినిమాలు, చంపేవాడికి తెల్లచొక్కా, కులగౌరవం ఉండేవి. చిన్న బడ్జెట్‌కు దిగేసరికి ఆ గౌరవమూ పోయి ఊరిపేరు ఒక్కటే మిగిలింది. 2017లో రాంగోపాల్ వర్మ ‘కడప’ పేరుతోనే వెబ్ సిరీస్ ట్రైలర్ వదిలాడు. రెండేళ్ళకు ‘కమ్మరాజ్యంలో కడపరెడ్లు’ అని మొదలుపెట్టి, గొడవలయ్యాక ‘అమ్మరాజ్యంలో కడపబిడ్డలు’గా విడుదల చేశాడు. ఈ గొడవలన్నీ ఖర్చులేని ప్రచారమని ఆయనకు బాగా తెలుసు. మిర్యాలగూడ పరువుహత్య మీద ‘మర్డర్’ తీసినప్పుడు హతుడి భార్యే కోర్టుకెక్కింది. ఆమె కన్నీళ్ళు కూడా వార్తై, ఆ వార్త సినిమాకు పోస్టరైంది.

ఇక ‘నిజంగా జరిగిన కథ’ అన్న బోర్డు సంగతి. ‘దండుపాళ్యం’ మొదటి భాగంలో ముఠా రాక్షసజాతి. అదే దర్శకుడు 2017లో తీసిన రెండో భాగంలో, పోలీసులు చిత్రహింసలు పెట్టి నేరాలు ఒప్పించారేమో, వీళ్ళు అమాయకులేమో అన్న అనుమానం నడుస్తుంది. రెండింటికీ టికెట్ కొన్నది మనమే. అమెరికాలో 1980ల మధ్యలో జాన్ మెక్‌నాటన్ దాదాపు లక్షా పదివేల డాలర్లతో, చికాగో వీధుల్లో, నెలలోపే ‘హెన్రీ’ అనే సినిమా తీశాడు. ఈ జాతి సినిమాల్లో అదో మైలురాయి. దానికి ఆధారం హెన్రీ లీ లూకాస్ అనే ఖైదీ ఒప్పుకోళ్ళు. వందల హత్యలు చేశానన్నాడతను. అందులో చాలావరకు అబద్ధమని తర్వాత తేలింది. లాకప్‌లో చెప్పిన మాటకున్న విలువ ఏపాటిదో మన పల్లెల్లో పశువులకాపరికి కూడా తెలుసు. సినిమావాడికే తెలియనట్టు నటించే అవసరముంది.

డబ్బులేదు కాబట్టి ఇంతకన్నా ఏం చేయగలమని వీళ్ళంటారు. ఆ మాట నమ్మను. 1960ల నాటి బొంబాయి హంతకుడు రామన్ రాఘవ్ మీద శ్రీరామ్ రాఘవన్ 1991లో రఘువీర్ యాదవ్‌తో చిన్న చిత్రం తీశాడు. అందులో ఫుట్‌పాత్ మీద పడుకునే మనుషుల నగరం కనిపిస్తుంది. అదే మనిషి కథను అనురాగ్ కశ్యప్ ఆనాటి కాలంలోనే తీయాలనుకుని, డబ్బు చాలక 2016లో ఈ కాలానికి మార్చుకున్నాడు. దాంతో హంతకుడి పక్కన నిలబడ్డ పోలీసువాడి కుళ్ళు మీదికి చూపు మళ్ళింది. డబ్బు తక్కువైతే చూపు పదునెక్కాలి.

మనకు దగ్గర్లోనే జరిగిన హాజీపూర్ హత్యలు చూడండి. యాదాద్రి భువనగిరి జిల్లా బొమ్మలరామారం మండలంలో ఊరది. 2019 ఏప్రిల్‌లో బడి నుంచి ఇంటికి బయల్దేరిన ఒక అమ్మాయి వ్యవసాయ బావిలో శవమై దొరికింది. వెతికితే ఇంకో ఇద్దరివీ బయటపడ్డాయి. అందులో ఒక పిల్ల కనిపించకుండా పోయి నాలుగేళ్ళయింది. 2020 ఫిబ్రవరిలో నల్గొండ కోర్టు నేరస్థుడికి ఉరిశిక్ష వేసింది. అప్పటికి ఊరికి బస్సు లేదు. మండల కేంద్రం నుంచి పిల్లలు నడవాల్సి వచ్చేది, లేదా దారిన పోయే బైకు ఎక్కాల్సి వచ్చేది. తెలిసిన మనిషే కదా అని ఎక్కారు. శవాలు దొరికాక ఊరివాళ్ళు ధర్నాలో అడిగినవాటిలో బస్సు ఒకటి.

ఈ కథను మన మామూలు లెక్కలో తీస్తే హంతకుడి నవ్వు, బావిలోంచి కెమెరా, పోలీసు జీపు సైరన్ ఉంటాయి. బస్సు ఉండదు. నాలుగేళ్ళు ఒక పిల్ల కనిపించకపోతే ఎవరూ గట్టిగా ఎందుకు వెతకలేదన్న ప్రశ్నా ఉండదు. నా దృష్టిలో భయమంతా అక్కడే ఉంది. రాని బస్సుకోసం రోడ్డుపక్కన పిల్ల ఎదురుచూడటాన్ని తీయడానికి రక్తం రంగు కూడా కొనక్కర్లేదు.

ఇవాళ కర్నూలు, కడప కుర్రాళ్ళు ఫోన్లతో షార్ట్‌ఫిల్మ్‌లు తీస్తున్నారు. ఓర్వకల్లు రాళ్ళ మధ్య, గండికోట లోయ పక్కన కత్తులు పట్టుకుని పరిగెత్తుతున్నారు. తమ్ముడూ, తీయండి, నేనూ చూస్తాను. ఊరిపేరు, కులంపేరు టైటిల్‌లోకి లాగకండి. ఒప్పుకోలును నిజమని రాయకండి. హంతకుడికి ఒక సీను తగ్గించి, చనిపోయిన మనిషికి ఒక సీను పెంచండి. బడ్జెట్ పైసా కూడా పెరగదు.