ఇంట కుట్టిన భుజపుసంచి

గుంటూరు, ఒంగోలు సీమల నల్లరేగడిలో పండిన ప్రత్తి ఎక్కడెక్కడికో పోయి నూలై వచ్చుచుండగా, చీరాల మగ్గముపై నేసిన ముతకగుడ్డ గజము తెచ్చి, తన భుజమునకు తగిన సంచిని తానే కుట్టుకొను గృహిణి నేర్పు మిక్కిలి కొనియాడదగినది.

గుడ్డను ముందుగా తడిపి ఆరవేసి, గంజి పోయి ముడుచుకొనవలసినంత ముడుచుకొన్న పిదపనే ఆమె కత్తెర పట్టును. పట్టీని పడుగు వెంట తీయుటయందే అసలు వివేకమున్నది. పేక వెంట తీసినది బరువునకు సాగి, కొన్నాళ్లకు సంచిని మోకాలిదాక దింపును. ప్రక్కలు మూయకముందే లోపలిజేబు కుట్టి, పట్టీ కొసలను చదరముగా కుట్టి, ఆ చదరము నడుమ రెండు కర్ణములు వేసినచో, బరువంతయు ఒక్క వరుసపై పడక నలుదెసల సర్దుకొనును. గుంటూరు మిరపయార్డులో దబ్బనముతో పురికొసతో గోనెల నోళ్లు కుట్టువారును, కొసలను చెవులుగా విడిచి మోయువారి చేతికి పట్టు కల్పింతురు గదా!

ఈ గుడ్డ పుట్టిన ఊరిలోనే, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట చీరాల-పేరాల ప్రజలు, పురపాలక సంఘపు పన్నులను ధిక్కరించి, ఇండ్లు విడిచి రామనగరమున పాకలు వేసికొన్న కాలమున, ఖద్దరు ధరించుటయే ఒక ప్రతిజ్ఞ. నేడు అట్టి ప్రతిజ్ఞ లేకున్నను, పాతచీర అంచును మూతకు అతికించి, కళ్లజోటికొకటి, సెల్‌ఫోనుకొకటి అరలు వేసికొనుటలో స్వేచ్ఛ కొంత మిగిలియే యున్నది. జిప్పు కావలెనను వారితో నాకు తగవు లేదు. కాని అది చెడిన నాడు దర్జీని వెదకవలెను, గుండీ యూడినచో సూదియు దారమును చాలును.