ఒంటికి కుదిరిన సైకిలు

సంగారెడ్డి జిల్లా రుద్రారం మీదుగా సాగే 65వ నంబరు జాతీయ రహదారి అంచున రెండు జాతుల సైకిళ్లు నడుస్తాయి. పాశమైలారం, ఇస్నాపూర్ కర్మాగారాలకు షిఫ్టు వేళల్లో కార్మికులను చేరవేసే, వెనక క్యారియరుకు టిఫిను డబ్బా బిగించుకున్న, ఇరవై కిలోల నల్ల ఉక్కు సైకిలు మొదటిది. తెల్లవారుజామున పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా, ఓపిక ఉంటే మంజీర బ్యారేజీ దాకా పోయి ఎండ ముదరకముందే తిరిగివచ్చే, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంపు తిరిగిన హ్యాండిలూ సన్నని టైర్లూ గల రోడ్డు సైకిలు రెండవది. రోడ్డు సైకిలు అనగానే లక్షల రూపాయల కార్బన్ ఫ్రేము కళ్లముందు మెదలడం సహజమే గానీ, రుద్రారంలోని గీతం విశ్వవిద్యాలయంలోనో కందిలోని ఐఐటీలోనో చదివే విద్యార్థికి, కర్మాగారంలో కొత్తగా చేరిన డిప్లొమా ఉద్యోగికి అందేది ముప్పై వేల రూపాయలకు కాస్త అటూ ఇటూగా దొరికే అల్యూమినియం సైకిలే. దానిని ఎంచుకోవడం సులువు. ఒంటికి కుదుర్చుకోవడమే ఒక విద్య, ఆ విద్యకు దక్కవలసిన గౌరవం దక్కడం లేదు.

చవక సైకిలు ఒళ్లు హూనం చేస్తుందన్న మాట ఊరూరా వినిపిస్తుంది. ఒళ్లు హూనం చేసేది కొలత కుదరని సైకిలు. దాని ధర ముప్పై వేలైనా మూడు లక్షలైనా ఫలితం ఒకటే. పదకొండు కిలోల బరువు, ఏడో ఎనిమిదో గేర్లు, మామూలు రిమ్ము బ్రేకులు ఉన్న సైకిలు మనిషిని ఎంత దూరమైనా మోయగలదు. బ్రెవే అనే ఫ్రెంచి సంప్రదాయపు దూర సవారీలో 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాల గడువు ఉంటుంది, అంటే దారిలో టీ, భోజనం, పంక్చర్లు అన్నీ కలుపుకొని గంటకు సగటున 15 కిలోమీటర్ల లోపు వేగమే చాలునన్నమాట. ఇంగ్లండుకు చెందిన టామీ గాడ్విన్ 1939లో ఒక్క ఏడాదిలో 75,065 మైళ్లు తొక్కినది నాలుగే గేర్లున్న బరువైన ఉక్కు సైకిలు మీద! స్కాట్లండుకు చెందిన గ్రేమ్ ఓబ్రీ బట్టలుతికే యంత్రంలోంచి తీసిన బేరింగులతో స్వయంగా ఒక సైకిలు తయారు చేసుకుని, 1993 జులైలో నార్వేలోని హామార్ ట్రాకుపై గంటలో 51.596 కిలోమీటర్లు తొక్కి ప్రపంచ రికార్డు పట్టుకుపోయాడు. ఆ రికార్డు వారం తిరగకుండానే చేజారింది, అయితే ఓబ్రీ చూపిన దారి చేజారలేదు. తన చేతులు ఎక్కడ ఆనాలో, వీపు ఎంత వంగాలో తానే తేల్చుకుని, ఆ ఒంటి చుట్టూ సైకిలును కట్టుకున్న మనిషి అతడు.

కుదుర్చుకోవడం సీటు ఎత్తుతో మొదలవుతుంది. చెప్పుల్లేకుండా గోడకు ఆనుకుని నిలబడి, కాళ్ల సందున ఒక అట్టపుస్తకాన్ని సీటు ఆనినట్టే గట్టిగా పైకి ఆనించి, పుస్తకం పై అంచు నుంచి నేల దాకా టేపుతో కొలిస్తే వచ్చేది కాలి లోపలి పొడవు, దానిని 0.883తో గుణిస్తే పెడళ్లు తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఉండవలసిన దూరం సుమారుగా తెలుస్తుంది. ఈ లెక్క అమెరికా సైకిలు వీరుడు గ్రెగ్ లెమాండ్ పేరుతో ప్రసిద్ధి పొందింది. కాలి లోపలి పొడవు 80 సెంటీమీటర్లు ఉన్నవారికి ఇది 70.6 సెంటీమీటర్లు అవుతుంది. టేపు దొరకనిచోట మడమతో పరీక్ష చేసుకోవచ్చు: పెడలు అట్టడుగున ఉన్నప్పుడు మడమను దానిపై పెడితే కాలు నిటారుగా రావాలి, ఆపై పాదం ముందరి భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉండాలి, కొలిచి చూసేవారు ఆ వంపు 25 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండాలంటారు. సీటు తక్కువైతే మోకాలి ముందుభాగం, ఎక్కువైతే మోకాలి వెనకభాగం నొస్తుంది, నడుము అటూ ఇటూ ఊగుతుంది. ఆగినప్పుడు రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలని పట్టుబట్టి సీటు దించేయడం మన ప్రాంతంలో అందరూ చేసే పొరపాటు. మోపెడు మీద కూర్చున్న అలవాటు అది. రోడ్డు సైకిలు ఆగేటప్పుడు సీటు నుంచి ముందుకు జారి ఒక కాలు నేల మీద పెట్టడం నేర్చుకుంటే ఆ భయం వారంలో పోతుంది. పల్లెల్లో పిల్లలు పెద్దల సైకిలు అడ్డకడ్డీ కిందుగా కాలు దూర్చి కైంచీ తొక్కుడు తొక్కేవారు. అందని సీటుకే అంత ఒడుపు నేర్చిన ఈ నేలకు ఇది పెద్ద పని కాదు.

సీటు ఎత్తు విషయంలో పట్టుదలకు పెట్టింది పేరు బెల్జియం సైకిలు వీరుడు ఎడ్డీ మెర్క్స్. 1969లో బ్లోవా పట్టణపు ట్రాకుపై ఘోరంగా పడి నడుముకు దెబ్బ తగిలిన నాటి నుంచి అతడు సీటు ఎత్తుతో ఏనాడూ తృప్తి పడలేదు. పోటీ సాగుతుండగానే సీటు సవరించుకునేవాడు. అలా మిల్లీమీటరు మిల్లీమీటరుకూ వెతుక్కున్న ఆ మనిషే 1972 అక్టోబరులో మెక్సికో నగరంలో గంటకు 49.431 కిలోమీటర్ల రికార్డు నెలకొల్పాడు. మన హైదరాబాదుకు చెందిన ఆదిత్య మెహతా ప్రమాదంలో కాలు పోగొట్టుకున్నాక సైకిలెక్కి, 2013లో ఆసియా పారాసైక్లింగ్ పోటీల్లో రెండు రజత పతకాలు గెలిచాడు. రెండు కాళ్లూ ఉన్నవారు చవక సైకిలు కుదరలేదని మూలన పడేయడం ఎంత తొందరపాటో ఆ పతకాలు చూస్తే తెలుస్తుంది.

సీటు తరవాత చేతులు. కొత్తవారిని ఎక్కువగా బాధించేది అరచేతుల తిమ్మిరి, ముఖ్యంగా చిటికెన వేలు, ఉంగరపు వేలు మొద్దుబారిపోవడం. అరచేతి చిటికెన వేలి వైపున ఉండే నరంపై ఒంటి బరువంతా ఆనడమే దానికి కారణం. సీటు ముక్కు కిందికి వాలి ఉంటే మనిషి ముందుకు జారుతూ చేతులతో తనను తాను వెనక్కి నెట్టుకుంటూ ఉంటాడు, కనుక ముందు సీటును మట్టంగా అమర్చుకోవాలి. అప్పటికీ తగ్గకపోతే హ్యాండిలును ఫ్రేముకు కలిపే స్టెమ్ అనే చిన్న కడ్డీని చూడాలి. చవక సైకిళ్లకు తరచు 100 మిల్లీమీటర్ల స్టెమ్ వస్తుంది. దానిని తలకిందులు చేసి బిగిస్తే హ్యాండిలు కాస్త పైకి లేస్తుంది, 80 మిల్లీమీటర్లది వేసుకుంటే దగ్గరవుతుంది. కొన్ని వందల రూపాయల ఈ మార్పు చేసే మేలు వేల రూపాయల మెత్తటి సీటు చేయదు. మెత్తదనం కోసం సోఫాలాంటి జెల్ సీటు కొనడం దండగ కూడా, ఎందుకంటే పిరుదుల అడుగునున్న రెండు ఎముకలు గట్టి ఆధారం మీద ఆనాలి గానీ మెత్తలో కూరుకుపోతే చుట్టూ ఉన్న కండ నలిగిపోతుంది. వంపు హ్యాండిలు పట్టుకోవడానికి మూడు చోట్లు ఇస్తుంది: పైన అడ్డంగా, బ్రేకుల మీద, కింద వంపులో. పది నిమిషాలకొకసారి చోటు మారుస్తూ, మోచేతులు కొద్దిగా వంచి, నడుము మధ్యలో కాక తుంటి దగ్గర వంగి తొక్కేవారికి నలభై కిలోమీటర్లయినా మెడ పట్టదు. బరువు గేరులో మోకాళ్లను పిండుకోకుండా తేలిక గేరులో నిమిషానికి 80 నుంచి 90 సార్లు కాళ్లు తిప్పడం అలవడితే సవారీ సగం తేలికైపోతుంది.

గాలి సంగతి వేరే చెప్పాలి. రహదారి పక్క పంక్చరు దుకాణంలో లారీ టైర్లకు పెట్టే కంప్రెసరుతో రాయిలా గాలి కొట్టించుకుని, రోడ్డు మీది ప్రతి గులకరాయినీ వెన్నెముకతో లెక్కపెట్టేవారు కొందరున్నారు. 28 మిల్లీమీటర్ల వెడల్పు టైరుకు డెబ్భై కిలోల మనిషికి 70 నుంచి 80 పీఎస్ఐ ఒత్తిడి చాలు. లక్డారం క్రషర్ల లారీల నుంచి రాలిన కంకర ఉన్న అంచుల్లో ఆ మాత్రం మెత్తదనమే టైరునూ మనిషినీ కాపాడుతుంది. నల్ల సైకిలుదీ, రోడ్డు సైకిలుదీ చక్రం 28 అంగుళాలేనని చెప్పుకుంటారు గానీ, మొదటి దాని రిమ్ముపై టైరు కూర్చునే వ్యాసం 635 మిల్లీమీటర్లు, రెండవదానిది 622; పదమూడు మిల్లీమీటర్ల ఈ తేడా తెలియక బజారులో టైరు కొని తెచ్చుకున్నవారికి అది రిమ్ముపై నిలవదు. సన్నని వాల్వుకు బిగించే చిన్న ఇత్తడి అడాప్టరు జేబులో ఉంచుకుంటే ఏ పంపుతోనైనా గాలి కొట్టుకోవచ్చు.

ఇవన్నీ సవారీ చేసేవారు తమకు తాము చేసుకోగలిగినవి. చక్రం బెండు తీయడం మాత్రం మేటి మెకానిక్కు చేతి పని, ఈ సంప్రదాయమంతటికీ శిఖరం అదే. చక్రం బరువు మోసేది పుల్లల మీదే, పుల్లలన్నీ లాగి బిగించిన తీగలే. అడుగునున్న పుల్లలు బరువు పడినప్పుడు కాస్త వదులవుతాయి, చక్రం తిరిగినకొద్దీ ఆ వదులు ఒకదాని నుంచి ఒకదానికి మారిపోతూ ఉంటుంది. జోబ్స్ట్ బ్రాంట్ అనే ఇంజనీరు 1981లో వెలువరించిన ‘ది బైసికిల్ వీల్’ పుస్తకంలో దీనిని లెక్కలతో విడమరిచాడు. పటాన్‌చెరు, సంగారెడ్డి బజారుల్లో మిగిలిన పాత మెకానిక్కులకు ఆ పుస్తకం పేరు తెలియకపోవచ్చు, ఆ లెక్క మాత్రం వారి వేళ్లలో ఉంది. సైకిలును తలకిందులుగా నిలిపి, బ్రేకు రబ్బరు పక్కన బొటనవేలి గోరు ఆనించి చక్రం తిప్పితే ఎక్కడ గోరుకు రాసుకుంటుందో అక్కడే చక్రాన్ని ఆపుతారు; ఆ చోట గోరుకు ఎదుటి పక్క పుల్లను పావు చుట్టు బిగించి, గోరు వైపు పుల్లను పావు చుట్టు వదులు చేసి, మళ్లీ తిప్పి, మళ్లీ వినడం. వినడమే, ఎందుకంటే చిన్న పానాతో పుల్లలను మీటుతూ పోతే సమంగా బిగిసిన పుల్లలన్నీ ఒకే స్వరం పలుకుతాయి, వదులైనది బొంగురు పోతుంది. ముందు ఇరుసుకు ఒక్కో పక్క పది ఉక్కు గోళీలు, వెనక ఇరుసుకు తొమ్మిది, పెడళ్ల ఇరుసుకు పదకొండు అని చూడకుండా చెప్పి, గ్రీజులో ఒక్కొక్కటే అద్ది పేర్చే ఆ వేళ్లకు ఏ సర్టిఫికెట్టు ఇచ్చినా తక్కువే! కర్మాగారం పెట్టెలోంచి వచ్చిన చవక చక్రానికి అలాంటి చేతి గంటసేపటి పని తగిలితే అది ఏళ్ల తరబడి నిటారుగా తిరుగుతుంది.

చరిత్రకు వస్తే, నేటి సైకిలు రూపానికి మూలమైన స్టార్లీ రోవర్ సైకిలు 1885 నాటిది, డన్లప్ గాలి టైరు 1888 నాటిది. గేరు మార్చే డిరైలరుకు టూర్ ద ఫ్రాన్సులో 1937 దాకా ప్రవేశమే లేదు. దేశంలో టీఐ సైకిల్స్ మద్రాసులో 1949లో, అట్లాస్ సోనీపత్‌లో 1951లో, హీరో లూధియానాలో 1956లో మొదలయ్యాయి. పార్లమెంటుకు సైకిలు మీద వెళ్లిన కమ్యూనిస్టు నేత పుచ్చలపల్లి సుందరయ్యను తెలుగువారు ఇప్పటికీ తలుచుకుంటారు. అట్లాస్ సాహిబాబాద్ కర్మాగారం 2020 జూన్ 3న, ప్రపంచ సైకిలు దినోత్సవం నాడే మూతపడింది. ఆ వార్త చదివి కలుక్కుమనని సైకిలు ప్రేమికుడు ఉండడు.

అంతకన్నా బాధ కలిగించేది ఇప్పుడు బజారును నింపుతున్న నకిలీ సరుకు. పైకి పందెపు సైకిలు వేషం, లోపల నీళ్ల గొట్టాల్లాంటి మెత్తని ఉక్కు. షాక్ అబ్జార్బరు పేరుతో ముందు ఫోర్కులో దూర్చిన ఒట్టి స్ప్రింగు, తొక్కిన బలంలో కొంత మింగి మనిషిని మాత్రం ఎగరేస్తుంది. నెల తిరగకుండా వంగి కీచుమనే రేకు డిస్కు బ్రేకు. ఒకటి నొక్కితే మరొకటి పడే ఇరవై ఒక్క గేర్లు. ఈ ధరలో మంచి రిమ్ము బ్రేకు, ఏడు నిక్కమైన గేర్లు ఎప్పుడూ మేలు, ఇందులో రెండో మాటకు తావు లేదు. అట్టపెట్టెలో సగం విడిభాగాలుగా ఇంటికి వచ్చే సైకిలును కొన్నవారే బిగించుకోవాలనడం మరీ అన్యాయం. ఫోర్కు వెనక్కి తిరిగి ఉన్న సైకిళ్లు ఈ రోడ్ల మీద తిరుగుతున్నాయి. ముందు బ్రేకు ఫోర్కు వెనక వైపుకు వచ్చి, చక్రం ఫ్రేముకు తగిలేంత దగ్గరై, మలుపులో అదుపు తప్పే ఆ బండిని బిడ్డకు పుట్టినరోజు కానుకగా ఇస్తున్న తల్లిదండ్రులకు దాని ప్రమాదం ఎవరూ చెప్పడం లేదు. జీతంలోంచి నెలనెలా కూడబెట్టి కొన్న కార్మికుడి డబ్బు ఆరు నెలల్లో తుప్పు పట్టిపోతుంటే, చివరికి అతడు ఇచ్చే తీర్పు సైకిళ్లన్నీ ఇంతేనని. పాత మెకానిక్కు దుకాణం దగ్గరకు ఆ సరుకు మరమ్మతుకు వస్తే విడిభాగం దొరకదు, దొరికినా సరిపోదు. ఆ పనితో పొట్ట గడవక ఆ మెకానిక్కు కొడుకును ఆటో నడపడానికి పంపుకుంటున్నాడు.

సైకిలుకు మంచి జరిగిన చోటూ లేకపోలేదు: 2023 అక్టోబరు 1న హైదరాబాదు బాహ్య వలయ రహదారి వెంట సౌర పలకల నీడలో 23 కిలోమీటర్ల సైకిలు బాట ప్రారంభమైంది. దేశంలో ఎక్కడా ఎరుగని సొగసైన పని అది, దానిని తలపెట్టినవారిని మెచ్చుకోవలసిందే. అయితే అది నానక్‌రామ్‌గూడ, నార్సింగి వైపు నుంచి వచ్చి కొల్లూరు దగ్గర ఆగిపోయింది. ముత్తంగి, ఇస్నాపూర్, రుద్రారం దాకా వస్తే రోజూ లారీల పక్కన ప్రాణాలరచేత పట్టుకుని తొక్కేవారికి అది నిజంగా ఉపయోగపడుతుంది. సంగారెడ్డి జిల్లా ఐటీఐల్లో మోటారు మెకానిక్కు పనితో పాటు చక్రం అల్లడం, బెండు తీయడం కూడా నేర్పాలి. కర్మాగారాల గేటు పక్క సైకిలు స్టాండులో కొలత రాసిన ఒక గాలిపంపు, ఒక పానా, వారానికి ఒకరోజు వచ్చి కూర్చునే పాత మెకానిక్కుకు ఒక పీట ఏర్పాటు చేయడం ఏ యాజమాన్యానికీ భారం కాదు. ఆ పీట పక్కన మరొక పీట వేసి, పుల్లలను మీటి చూస్తే ఏది బొంగురు పోతుందో వినడం నేర్చుకునే కుర్రవాడిని ఒకడిని అక్కడ కూర్చోబెట్టాలి.