షో చెప్పే ముందు

రమ్మీలో షో చెప్పినవాడు ముక్కలు పరిచి చూపించాలి. జోకర్ కలవని సీక్వెన్స్ ఒక్కటైనా లేకపోతే మిగతావి ఎంత ముచ్చటగా కలిసినా అది రాంగ్ షో, నెత్తిన ఫుల్ కౌంట్. "కలిసిందనుకున్నా" అంటే చుట్టూ కూర్చున్నవాళ్లు నవ్వుతారే తప్ప వదిలిపెట్టరు. అయినా అక్కడ సరిచూసుకోవాల్సింది పదమూడు ముక్కలే, నియమాలు ఒక కాగితం దాటవు. రిచర్డ్ గార్ఫీల్డ్ రూపొందించగా 1993లో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కంపెనీ మార్కెట్‌లోకి తెచ్చిన 'మ్యాజిక్: ది గాదరింగ్' దగ్గరికొచ్చేసరికి లెక్క మారిపోతుంది. ఇప్పటికి వేర్వేరు కార్డులే పాతికవేలు దాటాయి, సమగ్ర నియమావళి రెండు వందల పుటలు దాటింది. పైగా ప్రతి కార్డూ తనతోపాటు సొంత నియమం ఒకటి మోసుకొస్తుంది. ఆ నియమానికీ నియమావళికీ పేచీ వస్తే కార్డు మాటే నెగ్గాలన్నది ఈ ఆటలో మొదటి సూత్రం. అందుకే ఏళ్ల ఎడంతో వచ్చిన రెండు కార్డులు పక్కపక్కన పడినప్పుడు, విడివిడిగా ఏదీ చేయలేని పని చేసేస్తాయి, చాలాసార్లు అంతులేకుండా చేస్తాయి. ఆటగాళ్లు దాన్నే కాంబో అంటారు. అలాంటి జంట తట్టగానే అసలది నియమాల ప్రకారం చెల్లుతుందా అని తేల్చుకోవడం ముప్పై ఏళ్లుగా ఒక విద్యగా పెరిగింది. దీనికి జ్ఞాపకశక్తి ఉంటే చాలని కొందరు, తెలివి ఉంటే చాలని కొందరు అనుకుంటారు. నాకు మాత్రం ఈ విద్య ప్రాణం మరోచోట కనిపిస్తుంది. రాసినవాడి ఉద్దేశం ఊహించుకోకుండా, రాసిన మాటను రాసినట్టే చదవగలగడం. కష్టమంతా అందులోనే ఉంది.

ఒక్క ఉదాహరణ దగ్గరగా చూద్దాం. 2008లో షాడోమూర్ సెట్‌లో వచ్చిన డివోటెడ్ డ్రూయిడ్ చిన్న ప్రాణి. పవర్ సున్నా, టఫ్‌నెస్ రెండు. దాన్ని ట్యాప్ చేస్తే, అంటే అడ్డంగా తిప్పితే, ఒక ఆకుపచ్చ మనా, అంటే కార్డులు వేయడానికి ఖర్చుపెట్టే శక్తి, వస్తుంది. దాని మీద ఒక మైనస్ వన్ కౌంటర్, అంటే ఆ రెండు అంకెలనూ ఒక్కొక్కటి తగ్గించే గుర్తు, పెడితే మళ్లీ నిలువుగా లేస్తుంది. రెండో కౌంటర్ పడిందంటే టఫ్‌నెస్ సున్నాకు దిగి చచ్చిపోతుంది కాబట్టి మామూలుగా దీనివల్ల పెద్ద ఆదాయం లేదు. ఆ కౌంటర్ పడకుండా చూడగలిగితే మాత్రం తిప్పడం, లేపడం, మళ్లీ తిప్పడం, మళ్లీ లేపడం, ఇక మనాకు కొదవుండదు. అలా చూసే కార్డులు 2017లో కొద్ది నెలల తేడాతో రెండొచ్చాయి. మీ ప్రాణి మీద మైనస్ వన్ కౌంటర్లు పడబోతే వాటికి బదులు ఒకటి తక్కువగా పడతాయంటుంది అమోంకెట్ సెట్‌లోని విజియర్ ఆఫ్ రెమెడీస్. ప్రాణుల మీద కౌంటర్లు పెట్టడానికే వీల్లేదంటుంది అవర్ ఆఫ్ డివాస్టేషన్ సెట్‌లోని సొలెమ్నిటీ. పైపైన చదివేవాడికి రెండూ ఒకటే, ఎటు తిప్పినా కౌంటర్ పడదు. కానీ విజియర్‌తో కాంబో నడుస్తుంది, సొలెమ్నిటీతో నడవదు.

ఎందుకో తెలియాలంటే డ్రూయిడ్ కార్డు మీదున్న కోలన్ గుర్తు చూడాలి. ఈ ఆటలో కోలన్‌కు ముందున్నది చెల్లించాల్సిన మూల్యం, తర్వాతున్నది దక్కే ఫలితం. డ్రూయిడ్ మీద కౌంటర్ పెట్టడమన్నది కోలన్‌కు ముందుంది, కాబట్టి అది లేవడానికి కట్టే సొమ్ము. కట్టే పద్ధతిని మరో కార్డు మార్చినా కట్టినట్టే లెక్క అంటుంది నియమావళి. విజియర్ ఒకటిని సున్నాగా మార్చింది. పెట్టింది సున్నా కౌంటర్లే అయినా బాకీ తీరింది, డ్రూయిడ్ లేచింది. సొలెమ్నిటీ దేన్నీ మార్చదు, ఏకంగా వద్దంటుంది. వద్దన్న పనిని మూల్యంగా చెల్లించడం కుదరదు, మూల్యం చెల్లకపోతే ఫలితం ఊసే లేదు. డ్రూయిడ్ అడ్డంగా పడి ఉంటుంది. ఇక్కడ లోకజ్ఞానం పనికిరాకపోవడమే కాదు, దారి తప్పిస్తుంది కూడా. లోకజ్ఞానం ప్రకారమైతే పైసా కట్టకుండా రసీదు పుచ్చుకున్న విజియర్ పద్ధతే చెల్లకూడదు.

చేయి తిరిగినవాళ్లు కార్డు చదివే తీరు గమనిస్తే, మొదట అచ్చులో ఉన్న మాటనే పక్కన పెడతారు. ప్రతి కార్డుకూ ఒరాకిల్ పేరిట కంపెనీ నిర్వహించే తాజా పాఠం ఉంటుంది, చెల్లేది అదే. పాత అచ్చుప్రతి నమ్ముకుని కట్టిన కాంబోలు చాలావరకు ఈ గడప దగ్గరే కూలతాయి. తర్వాత చిన్న చిన్న మాటల మీద పడతారు. "అయినప్పుడు" అని ఉందా, "బదులు" అని ఉందా? మొదటిది పని జరిగాక మొదలయ్యేది, రెండోది జరగకముందే పనిని మార్చేసేది. టార్గెట్ అన్న మాట ఉందా? చేసి తీరాలా, మానుకోవచ్చా? 1999లో సిక్స్త్ ఎడిషన్ నియమాలతో స్టాక్ అన్న ఏర్పాటు వచ్చాక వరస తేల్చడం తేలికైంది. చివర ఎక్కింది ముందు తేలుతుంది, ప్రతి మెట్టు దగ్గరా ఎదుటివాడికి అడ్డుపడే వీలుంటుంది.

ఈ చదువు ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పడానికి సాహీలీ రాయ్ కార్డును మించింది లేదు. (పేరు మనవైపు అమ్మాయిదిలా ఉందంటే కారణం ఉంది. 2016లో వచ్చిన ఆ కళాదేశ్ సెట్‌ను భారతీయ ఛాయలతోనే అల్లారు.) సాహీలీ మూడు లాయల్టీతో, అంటే తన శక్తులకు ఖర్చుపెట్టే, దెబ్బ తగిలితే తరిగే మూడు పాయింట్లతో, బల్ల మీదికి వస్తుంది. అందులో రెండు ఖర్చుపెడితే మీ ప్రాణి ఒకదానికి నకలు పుడుతుంది. అది ఆ టర్న్‌లోనే దాడికి దిగగలదు, టర్న్ చివర మాయమవుతుంది. 2017 జనవరిలో వచ్చిన ఫెలిడార్ గార్డియన్ బల్ల మీదికి రాగానే మీదైన మరో కార్డును ఆటలోంచి పంపి వెంటనే వెనక్కి తేగలదు. గార్డియన్‌కు సాహీలీ నకలు తీస్తే ఆ నకలు సాహీలీని పంపి తెస్తుంది. సాహీలీలాంటి ప్లేన్స్‌వాకర్ శక్తిని టర్న్‌కు ఒక్కసారే వాడాలన్న నియమం ఇక్కడ అడ్డుపడాలి కదా అనిపిస్తుంది. పడదు. ఆటలోంచి వెళ్లి తిరిగొచ్చిన కార్డు నియమాల దృష్టిలో కొత్త వస్తువు, దానికి గతం లేదు. వచ్చిన సాహీలీ మళ్లీ మూడు లాయల్టీతో, ఈ టర్న్‌లో ఇంకా ఎవరూ వాడని సాహీలీ. ఇక మళ్లీ నకలు, మళ్లీ రాకపోకలు. గార్డియన్ పవర్ ఒకటే అయినా ఇరవై లైఫ్ ఉన్నవాడికి ఇరవై నకళ్లు చాలు. టర్న్ చివర మాయమైపోవాలన్న షరతు అమలయ్యేసరికి దాడి ముగిసి ఉంటుంది. గొలుసు తెగేది మధ్యలోనే. నకలు పుట్టి, సాహీలీని ఇంకా పంపని ఆ క్షణంలో ఆమె దగ్గర ఒక్క లాయల్టీయే ఉంటుంది, ఒక్క పాయింటు దెబ్బ పడినా కథ ముగుస్తుంది. ఇంత స్పష్టంగా ఉన్న కాంబోను తయారుచేసినవాళ్లే ముందుగా పట్టుకోలేకపోయారు. ఏప్రిల్‌కల్లా స్టాండర్డ్ పోటీల్లో గార్డియన్‌ను నిషేధించాల్సి వచ్చింది.

ఒకసారి తేల్చుకున్న జవాబు ఎప్పటికీ నిలుస్తుందన్న భరోసా కూడా లేదు. 2006 నాటి డార్క్ డెప్త్స్ పది ఐస్ కౌంటర్లతో వచ్చే లెజెండరీ ల్యాండ్. కౌంటర్లన్నీ పోతే దాన్ని బలిపెట్టి ఇరవై పవర్ ఉన్న మహాభూతాన్ని పుట్టించవచ్చు. 2013 మొదట్లో వచ్చిన థెస్పియన్స్ స్టేజ్ మరో ల్యాండ్ రూపం దాల్చగలదు. అది డార్క్ డెప్త్స్ రూపం దాల్చితే, ముందే బల్ల మీదుండి మారింది కాబట్టి "వచ్చేటప్పుడు పది కౌంటర్లతో" అన్న మాట దానికి వర్తించదు. కానీ అప్పటి నియమం ప్రకారం ఒకే పేరున్న రెండు లెజెండ్‌లు ఎదురైతే రెండూ పోయేవి. అదే ఏడాది జులైలో నియమం మారి, ఒకటి ఉంచుకుని ఒకటి వదులుకోవచ్చన్నారు. అసలుదాన్ని వదిలి నకలును ఉంచుకుంటే దాని మీద కౌంటర్లు సున్నా. రెండు కార్డుల మీదా ఒక్క అక్షరం మారలేదు, చెల్లని కాంబో చెల్లింది.

ఇదంతా ఆటకు పట్టిన లాయరు తెగులని, సరదా చచ్చిపోతుందని గొణిగేవాళ్లున్నారు. ఇంట్లో నలుగురు స్నేహితులు ఆడుకునేటప్పుడు ఆ ఫిర్యాదులో నిజం ఉంది, అక్కడ ఎలా కావాలంటే అలా సర్దుకోవచ్చు. అపరిచితులు ఎదురెదురుగా కూర్చున్నప్పుడు సర్దుబాటు ఎవరి పక్షాన జరగాలి? ఇంట్లో కూర్చుని నేను ఒంటరిగా తేల్చుకున్న జవాబూ, మరో దేశంలో మరొకరు తేల్చుకున్న జవాబూ ఒకటే కావాలంటే ఇద్దరికీ సమానంగా అందుబాటులో ఉన్నది పాఠం ఒక్కటే. జడ్జి ఉన్నాడు కదా అంటే, జడ్జి చదివేదీ ఆ పాఠమే. పైగా అతణ్ని పిలిచేది డెక్ కట్టుకుని పోటీకి వచ్చాక. రాంగ్ షో అని అప్పుడు తెలిసి లాభమేమిటి?

ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఒకటుంది. తయారుచేసినవాళ్లు అనుకోని కాంబో ఆటను పాడుచేస్తుంటే ఉద్దేశాన్ని బట్టి అడ్డుకోవడమే న్యాయం కదా? కంపెనీ ఒకప్పుడు అదే చేసింది. 1996 నాటి ఫ్లాష్ కార్డు ప్రాణిని చేతిలోంచి బల్ల మీద పెట్టి, మిగతా మనా కట్టకపోతే బలిపెట్టమంటుంది. దుర్వినియోగం అవుతోందని, మనా కడితే తప్ప ప్రాణి బల్ల మీదికే రానట్టు అధికారిక పాఠాన్ని తిరగరాశారు. కార్డు చేతిలో పట్టుకున్నవాడు చదివేది ఒకటి, చెల్లేది మరొకటి అయింది. 2007లో ఆ పద్ధతి వదిలేసి అసలు అర్థాన్ని తిరిగిచ్చారు. చచ్చినప్పుడు ఇతర ప్రాణులను వెతికి తెచ్చే ప్రోటియన్ హల్క్‌తో ఫ్లాష్ కలిసి లెగసీ పోటీలను ముంచెత్తింది, జూన్‌లో నిషేధం పడింది. ఇదిగో చూశారా అనేవాళ్లకు నా జవాబు, నిషేధమే మెరుగని. నిషేధం బాహాటంగా జరుగుతుంది, కార్డు పేరు జాబితాలో ఉందో లేదో ఎవరైనా చూసుకోవచ్చు. అర్థాన్ని గుట్టుగా వంచితే చదవడం వచ్చినవాడు కూడా మోసపోతాడు.

ఈ పద్ధతి కాఠిన్యం పూర్తిగా బయటపడేది ఫోర్ హార్స్‌మెన్ అనే డెక్ దగ్గర. బసాల్ట్ మోనోలిత్ ట్యాప్ అయి మూడు మనా ఇస్తుంది, మూడు మనా కడితే లేస్తుంది. లేచిన ప్రతిసారీ మెస్మెరిక్ ఆర్బ్ మీ డెక్ పైనుంచి ఒక కార్డును గ్రేవ్‌యార్డ్‌లో, అంటే వాడేసిన కార్డుల కుప్పలో, పడేస్తుంది. డెక్‌లో ఉన్న ఎమ్రకూల్ గ్రేవ్‌యార్డ్‌లో పడితే అక్కడున్నవన్నీ మళ్లీ డెక్‌లో కలిసిపోతాయి. కావలసిన కార్డులు ఎమ్రకూల్‌కన్నా ముందు పడేదాకా ఇలా తిప్పుతూ పోతే ఎప్పుడో ఒకప్పుడు పడి తీరతాయి, అందులో గణితానికి సందేహం లేదు. ప్రతి అడుగూ నియమబద్ధమే. కానీ ఒక గొలుసును "ఇన్నిసార్లు చేశాను" అని క్లుప్తంగా దాటేయాలంటే ఎన్నిసార్లో, చివరికి ఏ స్థితిలో నిలుస్తుందో ముందే చెప్పగలగాలి. "పడేదాకా" అన్నది సంఖ్య కాదు. విడిగా ఒక్కొక్క అడుగూ వేసి చూపిస్తానంటే, ఆట ముందుకు కదలకుండా కాలం వృథా చేస్తున్నాడని జడ్జి స్లో ప్లే కింద హెచ్చరిక ఇస్తాడు. ఆ డెక్ పట్టుకుని పోటీకి వెళ్లాలనుకునేవాడు కార్డుల పాఠంతోపాటు పోటీల నియమావళి కూడా చదువుకుని వెళ్లాలి.