నైట్‌మేర్ శబ్దవిచారము

ఆంగ్లభాషయందు 'నైట్‌మేర్' అను సమాసమునకు నేఁడు పీడకల యని యర్థము. ఇందలి పూర్వపదము రాత్రివాచకము. దానినిగూర్చి వివాదము లేదు. చిక్కంతయు నుత్తరపదముననే కలదు. 'మేర్' అనఁగా నేఁటి యాంగ్లమున నాఁడుగుఱ్ఱము. దానింబట్టి 'రాత్రియందు వచ్చు నాఁడుగుఱ్ఱము' అని విగ్రహముఁ జెప్పి, కలలో గుఱ్ఱము పైకుఱికినట్లు తోఁచుటచే నీ పేరు కలిగెనని సమర్థించుట కలదు. ఈ సమర్థనము వినుట కింపైనదే కాని నిలుచునది కాదు.

ప్రాచీనాంగ్లమున నివి రెండును భిన్నశబ్దములు. ఆఁడుగుఱ్ఱము 'మెరె'; నిద్రించువాని ఱొమ్ముపైఁ గూర్చుండి యూపిరి సలుపనీయని పిశాచి 'మరె'. తరువాతి కాలమున నుచ్చారణము మాఱి రెండును నొక్కరూపమునఁ గలిసిపోయినవి. ప్రాచీన నార్సుభాషలోని 'మర', జర్మనులోని 'మార్' ఆ పిశాచినే చెప్పును. వీనికంటె బలమైన సాక్ష్యము ఫ్రెంచిభాష యిచ్చుచున్నది. అందుఁ బీడకలకు 'కోష్‌మార్' అని పేరు. పూర్వభాగము త్రొక్కుట యను నర్థము గల క్రియనుండి పుట్టినది. ఉత్తరభాగ మీ పిశాచినామమే. గుఱ్ఱమును ద్రొక్కునుగదా యని యాక్షేపింపవచ్చును. కాని ఫ్రెంచివారికి నాఁడుగుఱ్ఱము 'జ్యుమాఁ'. వారి 'మార్' శబ్దమున కా యర్థము లేదు.

పీడకల యను నర్థము సయితము మూలార్థము కాదు. మొదట నీ సమాసము పిశాచినే తెలిపి, పిదప నిద్రలోని యుక్కిరిబిక్కిరిని దెలిపి, 19వ శతాబ్దమునఁ గాని పీడకలమాత్రమునకు వాచకము కాలేదు. జాన్సను 1755లో వెలువరించిన నిఘంటువునందే యుత్తరపదమును బిశాచిగా గ్రహించెను. అయినను గుఱ్ఱపుఁ గథ యంతటితో నడఁగలేదు. ఫ్యూసెలీ 1781లో నీ పేరుతో వ్రాసిన చిత్రమున నిద్రించు స్త్రీ ఱొమ్ముపైఁ బిశాచి కూర్చుండఁగాఁ దెరసందునుండి గుఱ్ఱపుఁదల తొంగిచూచుచున్నది. సరియైన వ్యుత్పత్తి ఱొమ్ముపైఁ గలదు. భ్రాంతి తెరచాటున నున్నది!

ఇంక 'మర'ను సంస్కృత 'మార' శబ్దముతో ధ్వనిసామ్యమాత్రముచే ముడివెట్టుటయు నీ జాతి తొందరపాటే. మారశబ్దము మరణార్థకమైన మృధాతువునుండి కలిగినది. 'మర' కా ధాతుసంబంధముఁ జెప్పఁగోరువారు ధ్వనిపరిణామక్రమమును జూపవలెను. రూపమాత్రమును నమ్మినచో నేమగునో తెలుఁగువారి కొక్క యుదాహరణము చాలును. తెలుఁగు 'పందికొక్కు' ఆంగ్లమునఁ జేరి 'బాండికూట్' అయినది. ఆ భాషలో 'కూట్' ఒక నీటిపక్షి. నేఁటి రూపమును బట్టియే విగ్రహము చెప్పవలసినచో, కలుగులోని మన పందికొక్కునకు ఱెక్కలు మొలచును.