మంచినూనె, మైనం, పది చుక్కలు

కార్తీకం వెళ్లి చలి ముదిరేసరికి మా తొర్రూరు కిరాణా కొట్ల ముందు వేలాడే సరుకు మారిపోతుంది. షాంపూ పాకెట్ల దండలు వెనక్కి పోతాయి, కోల్డ్ క్రీములు, మడమల పగుళ్ల ట్యూబులు ముందుకొస్తాయి. వాటి మీద నాకు కోపమేమీ లేదు. కాకపోతే మా ఇంట్లో చలికాలపు క్రీము కొన్నేళ్లుగా పొయ్యి మీదే తయారవుతోంది. ఆ సంగతి తెలిసినవాళ్లు ఇంటికొస్తే డబ్బా మూత తీసి ముందు ముక్కు దగ్గర పెట్టుకుంటారు. తర్వాత అడిగే మాట ఒక్కటే: "ఏం సెంటు నూనె పోసినవక్కా?"

అసలు నూనె ఏమిటని, మైనం ఎంతని అడిగినవాళ్లు తక్కువ. ఇది వాళ్లు అడగని వాటి గురించి.

మన చర్మం పైపొరలో చచ్చిన కణాలు వరసగా పేర్చి ఉంటాయి. వాటి సందుల్లో కొవ్వు ఉంటుంది. లోపలి తడి బయటికి పోకుండా ఆపేది ఆ కొవ్వే. చలికాలం గాలిలో తేమ ఎలాగూ తక్కువ. అది చాలదన్నట్టు మనం కాగే నీళ్లు పోసుకుని, సబ్బుతో రుద్ది రుద్ది ఉన్న కొవ్వును కడిగేస్తాం. తడి ఆరిపోతుంది, పొర బిగుసుకుంటుంది, మడమల దగ్గర చీలుతుంది. ఏ కంపెనీ క్రీమైనా చేసే పనులు మూడే. గ్లిజరిన్ లాంటిది తడిని పట్టి ఉంచుతుంది, నూనె సందులు పూడుస్తుంది, మైనమో వ్యాజిలినో పైన మూత వేస్తుంది. ఈ మూడు పనుల్లో సువాసనకు చోటు లేదు.

ఇంట్లో చేసిందే గొప్పదని కూడా నేను అనను. మూత వేసే పనిలో తేనెమైనం కన్నా వ్యాజిలినే గట్టిది. అమెరికాలో పెన్సిల్వేనియా చమురు బావుల దగ్గర పంపు కడ్డీలకు పేరుకునే జిడ్డును కూలీలు కోతలకు, కాలిన గాయాలకు రాసుకునేవాళ్లు. అది చూసిన రాబర్ట్ చీస్‌బ్రో దాన్ని శుద్ధిచేసి వ్యాజిలిన్ అని పేరుపెట్టి 1872లో పేటెంటు తీసుకున్నాడు. కూలీలకు ముందే తెలిసిన సంగతే డబ్బాలోకెక్కింది. మడమలు నెత్తురొచ్చేలా పగిలినవాళ్లకు నేను ఇప్పటికీ వ్యాజిలినే చెప్తాను.

ఇక మా ఇంటి లెక్క. 50 గ్రాముల డబ్బాకు గానుగ నువ్వుల నూనె 40 గ్రాములు, తేనెమైనం 10 గ్రాములు. మంచినూనే ఎందుకంటే, నువ్వుల్లో సహజంగా ఉండే సెసమాల్ లాంటి పదార్థాల వల్ల అది త్వరగా ముక్కిపోదు. పొద్దుతిరుగుడు నూనె అయినా పనికొస్తుంది. బంగ్లాదేశ్‌లో నెలలు నిండకుండా పుట్టిన శిశువుల ఒంటికి ఆ నూనె రాస్తే ఇన్ఫెక్షన్లు తగ్గాయని 2005లో లాన్సెట్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. మా నాయనమ్మ కాళ్లకు ఆముదమే పట్టించేది. మెరుపు వస్తుంది నిజమే, కానీ ఆ జిడ్డుకు వాకిట్లో దుమ్మంతా కాళ్లకే అంటుకునేది. కలపాలనుకుంటే మొత్తం నూనెలో పదోవంతు ఆముదం చాలు.

మైనం దగ్గర కొంచెం జాగ్రత్త. కొట్లో ఉత్త మైనం అని అడిగితే తెల్లటి కొవ్వొత్తి మైనం చేతిలో పెడతారు. అది పెట్రోలియం నుంచి వచ్చే పారఫిన్. తేనెమైనం పసుప్పచ్చగా ఉంటుంది, గోటితో గీకితే తేనె వాసన వేస్తుంది. దాన్ని తురుముకుని నూనెలో వేసి, ఆ గిన్నెను నీళ్లు కాగుతున్న ఇంకో గిన్నెలో దించాలి. నేరుగా మంట మీద పెడితే నూనె మాడుతుంది. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల మధ్య కరుగుతుంది కాబట్టి నీళ్లు తెర్లాల్సిన పని కూడా లేదు. ముందు తురుము అంచులు అద్దంలా మారతాయి, తర్వాత మధ్యలో పసుపు రంగు పలచబడుతుంది, ఉన్నట్టుండి గిన్నె మొత్తం తేటపడుతుంది. అప్పుడు చల్లటి స్టీలు పళ్లెం మీద ఒక చుక్క వేసి, గడ్డకట్టాక వేలితో తీసి చూడాలి. గట్టిగా గీరుకుంటే ఇంకొంత నూనె పడాలి. పట్టుకోకుండా జారిపోతే మైనం చాలలేదని. చలికాలానికి 10 గ్రాములు సరిపోతుంది. ఎండ 40 డిగ్రీలు దాటే మే నెలలో అదే డబ్బా మెత్తబడిపోతుంది, అప్పుడు 12 వేస్తాను. దించాక చల్లారేదాకా కలుపుతూనే ఉండాలి, వదిలేస్తే రవ్వ కడుతుంది.

సువాసన నూనె చుక్కలు వేసేది ఇప్పుడు, గిన్నె అడుగు చెయ్యి ఓర్చుకునేంత వేడికి దిగాక. అంతకుముందే వేస్తే సగం వాసన వంటింట్లోకే పోతుంది. ఎన్ని చుక్కలంటారా? ముఖానికి రాసుకునేదాంట్లో సువాసన నూనె నూటికి ఒక పాలు మించకూడదు. 50 గ్రాములకు అది అర మిల్లీలీటరు, అంటే సుమారు పది చుక్కలు. ఒంటికైతే రెండు పాళ్ల దాకా పోవచ్చు. మా వాళ్లకు మాత్రం పది చుక్కలంటే పిసినారితనంలా కనిపిస్తుంది. "గింత సీసా కొన్నవు, గన్నేనా?" అంటుంది మా వదిన.

గన్నే. ఎందుకంటే ఆ సీసాలో ఉన్నది గడ్డినో పువ్వునో ఆవిరి పట్టి పిండిన సారం. నిమ్మగడ్డి సంగతే చూడండి. గడ్డిని కోసి పెద్ద డేగిసాలో కుక్కి, కింద నుంచి ఆవిరి పంపి, ఆ ఆవిరిని చల్లటి గొట్టంలో నీళ్లుగా మారిస్తే పైన పలచగా నూనె తేలుతుంది. వంద కిలోల పచ్చిగడ్డి వేస్తే కిలో నూనె కూడా రాదు. వచ్చినదాంట్లో నూటికి డెబ్బై పాళ్లకు పైగా సిట్రాల్. నిమ్మ వాసన దానిదే, కొందరికి దద్దుర్లు తెచ్చేది కూడా అదే. గులాబి వాసనొచ్చే పామరోజా గడ్డి నూనెలో ఎక్కువ భాగం జెరానియాల్. ఈ రెండింటినీ యూరప్‌లో అలర్జీ తెచ్చే సువాసన పదార్థాల జాబితాలో పెట్టి, పరిమితి దాటితే డబ్బా మీద పేరు వేయాలన్నారు. ప్రకృతి నుంచి వచ్చింది కదా, ఏమీ చేయదు అనేవాళ్లకు దురదగొండాకు కూడా ప్రకృతిదేనని గుర్తుచేయాల్సి వస్తుంది.

పామరోజాకు ఇంకో చరిత్ర ఉంది. ఒకప్పుడు బొంబాయి రేవు నుంచి ఆ నూనె ఇస్తాంబుల్ దాకా పోయేది. అక్కడ దాన్ని గులాబి అత్తరులో కల్తీకి వాడేవాళ్లు. పైగా దాని మీద తురుష్క జెరేనియం నూనె అన్న పేరొకటి! గడ్డి మనది, పేరు వాళ్లది. ఇప్పుడు ఆ గడ్డినీ నిమ్మగడ్డినీ మన రాష్ట్రంలో రైతులు వేస్తున్నారు. ఔషధ, సుగంధ మొక్కల పరిశోధనకు లక్నోలో ఉన్న సీమ్యాప్‌కు హైదరాబాద్ బోడుప్పల్‌లో కేంద్రం ఉంది, నారు నుంచి నూనె దాకా అడిగితే చెప్తారు. ఫ్రాన్సు లావెండర్ కోసం ఆన్‌లైన్‌లో వందలు పోసేకన్నా ఈ నూనెలు కొనడం నయం. ఏది కొన్నా ముందు క్రీము కొంచెం మోచేతి మడతలో రాసి ఒక రోజు ఆగండి. గానుగలో పిండినట్టు తొక్క పిండి తీసిన నిమ్మనూనె రాసుకుని ఎండలోకి పోవద్దు, చర్మం కమిలి నల్లమచ్చ పడుతుంది. పసిపిల్లల డబ్బాలో నీలగిరి తైలం, కర్పూరం ఒక్క చుక్క కూడా వద్దు.

రోజ్‌వాటర్ కలపొచ్చా అని ఇంకో ప్రశ్న. కలపొచ్చు, మనుషులు ఎప్పటినుంచో కలుపుతున్నారు. రెండో శతాబ్దపు వైద్యుడు గేలెన్ పేరుతో నిలిచిన కోల్డ్ క్రీము తేనెమైనం, ఆలివ్ నూనె, రోజ్‌వాటరే. నీళ్లు ఆరుతుంటే చల్లగా తగులుతుంది కాబట్టి ఆ పేరు. మన ఆయుర్వేదంలో శతధౌత ఘృతం ఉంది. రాగి పాత్రలో నెయ్యి వేసి, చల్లటి నీళ్లు పోసి అరచేత్తో మెదుపుతారు. నీళ్లు వంచేసి మళ్లీ కొత్త నీళ్లు. అలా నూరుసార్లు. పోనుపోను నెయ్యి పసుపు రంగు పోగొట్టుకుని తెల్లబడుతుంది, ఉబ్బుతుంది, కమ్మటి నేతి వాసన కూడా పోతుంది. నెయ్యి పట్టినన్ని నీళ్లు సన్నటి బొట్లుగా లోపల చిక్కుకుంటాయి. అచ్చంగా క్రీమే. కాలిన చోట్లకు, మంటలకు రాసేవాళ్లు. ఓపికుంటే ఒక్కసారైనా చేసి చూడండి, చెయ్యి మెత్తబడటం పాత్ర కడిగేలోపే తెలుస్తుంది.

కానీ నీళ్లున్న చోటికి బూజు, బ్యాక్టీరియా వస్తాయి. కంపెనీల వాళ్లు ప్రిజర్వేటివ్ వేసేది అందుకే. దాన్ని విషమని తిట్టి, ఇంట్లో తడి క్రీము చేసి నెలల తరబడి బాత్‌రూమ్‌లో పెట్టుకోవడం తెలివి కాదు. విటమిన్ ఇ గొట్టం కోసి పిండితే నిలవ ఉంటుందన్న నమ్మకం మా వీధిలోనూ ఉంది. అది నూనె ముక్కిపోకుండా కొంత కాపాడుతుంది, సూక్ష్మక్రిములను ఆపదు. తడి క్రీము చేస్తే చిన్న డబ్బాలో, ఫ్రిజ్‌లో, వారంలోపు వాడి పారేయండి. నేనైతే నీళ్ల జోలికే పోను. తడిని డబ్బాలో కలిపే బదులు ఒంటి మీదే ఉంచుకోవచ్చు కదా. స్నానం చేసి అద్దుకుని, చర్మం ఇంకా చెమ్మగా ఉండగానే రాసుకుంటే నూనె, మైనం చాలు.

ఆన్‌లైన్‌లో షియా బటర్ తెప్పించుకునే ఆడపిల్లలు తొర్రూరులోనూ ఉన్నారు. పశ్చిమ ఆఫ్రికా ఆడవాళ్లు చేతులు అరిగేలా తీసే వెన్న అది, మంచిదే. అయితే షియా చెట్టు, మన ఇప్పచెట్టు ఒకే కుటుంబానివి, సపోటా కూడా అందులోదే. తాడ్వాయి, ఏటూరునాగారం అడవుల్లో కోయవాళ్లు ఇప్ప గింజల నుంచి తీసే నూనె చలికి పేరుకుని, అరచేతిలో పెట్టగానే కరుగుతుంది. ముతక వాసన ఉంటుంది, అది నచ్చకపోతే పది చుక్కలు ఉండనే ఉన్నాయి. మంచినూనెలో 10 గ్రాములు తగ్గించి ఇది వేసి చూడండి. ఈ చెట్టు పువ్వు గురించి సారా కబుర్లు అందరూ చెప్తారు, గింజను పట్టించుకునేవాళ్లు కనపడరు.

సంఘం మహిళలు కొందరు దీన్ని అమ్మకానికి చేద్దామా అని అడిగారు. ఇంట్లోకి చేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అమ్మాలంటే మాత్రం 2020 కాస్మెటిక్స్ నిబంధనల కింద తయారీ లైసెన్సు కావాలి, లేబుల్ మీద ఏమేం కలిపారో, ఎప్పటిదాకా వాడాలో రాయాలి. ఆ పని తేల్చుకుని మొదలుపెట్టండి.

మా ఇంట్లో ఒక డబ్బాకు పది చుక్కలు కూడా పడవు. అది మిర్చి చేతుల డబ్బా. సంక్రాంతి దాటితే మహబూబాబాద్ జిల్లా అంతా మిర్చి ఏరడమే పని. తేజ రకం ఏరిన చెయ్యి రాత్రంతా మండుతుంది. "నీళ్లల్ల పెడితే తగ్గుతలేదక్కా" అంటారు. తగ్గదు, ఘాటునిచ్చే క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. ముందు నూనె రుద్ది గుడ్డతో తుడుచుకుని, ఆ తర్వాత సబ్బుతో కడుక్కోవాలి. అది అయ్యాకే క్రీము. అప్పటికే మంటపుట్టిన చర్మం మీద నిమ్మగడ్డి, లావెండర్ ఏదీ పడకూడదు, ఉత్త నూనె, మైనమే. ఈసారి మిర్చి ఏరడానికి కూలీలను పిలిచే రైతులు చేను గట్టున మంచినీళ్ల క్యాను పక్కన మనిషికో జత గ్లౌజులు, ఒక సబ్బు, ఒక గిన్నెడు నూనె కూడా పెట్టండి. ఒక్క పూట కూలి డబ్బులంత ఖర్చు కూడా కాదు.