మస్టరుకు చిక్కని ప్రాసెస్

ఏ ప్రాసెస్ ఎంత ప్రాసెసర్ సమయం వాడిందో లెక్క రాయడం ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్ పని. లినక్స్‌లో ఈ లెక్క చాలాకాలం టిక్కు మీదే నడిచింది. టైమర్ సెకనుకు 100, 250 లేదా 1000 సార్లు కెర్నల్‌ను తట్టిలేపుతుంది. ఆ క్షణాన ప్రాసెసర్ మీద ఎవరుంటే టిక్కు మొత్తం వారి పద్దులో పడుతుంది. మస్టరు వేసే వేళకు కనబడ్డవాళ్లకు రోజు కూలి అంతా రాసి, కాసేపు ముందు వెళ్లిపోయినవాళ్లకు సున్నా చుట్టినట్టు.

సెకనుకు 250 టిక్కులంటే టిక్కుకు 4 మిల్లీసెకన్లు. టిక్కు పడ్డాక లేచి, 3 మిల్లీసెకన్లు పనిచేసి పడుకునే ప్రోగ్రాం నిజంగా వాడేది 75 శాతం, పద్దులో సున్నా. ఇందుకు దొంగబుద్ధి అక్కర్లేదు. పాత పద్ధతి టైమర్లు ముగిసేదీ టిక్కులోనే, అదీ పద్దు రాశాక. వాటితో లేచే ప్రోగ్రాములు మస్టరును సహజంగానే తప్పించుకుంటాయి. దొంగబుద్ధి కూడా తోడైతే మామూలు యూజర్ ప్రోగ్రామే ప్రాసెసర్‌ను కాజేయగలదని 2007లో త్సఫ్రీర్, ఎత్సియోన్, ఫైటెల్సన్ నిరూపించారు.

అదే ఏడాది 2.6.23 వెర్షన్‌తో వచ్చిన సీఎఫ్ఎస్ షెడ్యూలర్ ప్రతి ప్రాసెస్ నడకనూ నానోసెకన్లలో కొలవసాగింది. ఒక్కో ప్రాసెస్ మొత్తం కుదిరింది, పంపకం కుదరలేదు. యూజర్ కోడ్‌కు ఎంత, కెర్నల్‌కు ఎంత అన్నది టిక్కు పద్ధతిలో ఇప్పటికీ టిక్కుల నిష్పత్తే తేలుస్తుంది. ఆ పంపకంలోని గుణకారం కొన్నాళ్లు ఇంకో తలనొప్పి తెచ్చింది. చాలాకాలం నడిచిన ప్రాసెస్‌లలో లబ్ధం 64 బిట్లలో పట్టక అంకెలు చెడిపోయేవి. 2013లో లైనస్ టోర్వాల్డ్స్ సూచించిన పద్ధతిలో దాన్ని తిరగరాశారు.

తప్పు వెతికేవారు ముందుగా జవాబు తెలిసిన లెక్కను యంత్రానికి ఇవ్వాలి. ఇంతసేపు పని, ఇంతసేపు నిద్ర అని కచ్చితంగా నడిచే చిన్న ప్రోగ్రాం చాలు; పైన చెప్పిన 3 మిల్లీసెకన్లదే అనుకుందాం. టాప్ కమాండ్‌లో దాని వరుస 75 శాతం చూపుతూ, పైన మొత్తం ప్రాసెసర్ వరుసలో యూజర్ వాటా సున్నా దగ్గరే ఉంటే టిక్కు లెక్క దొరికిపోయినట్టే: విడి పద్దు షెడ్యూలర్ గడియారానిది, మొత్తం పద్దు టిక్కుది. కెర్నల్ ట్రేసర్ ఎఫ్‌ట్రేస్‌లో షెడ్యూలర్ మార్పిడి ఘటనలను నమోదు చేసి, ప్రాసెస్ ఎక్కిన దిగిన సమయాల తేడాలు కూడితే అసలు వాడకం తేలుతుంది. పెర్ఫ్ అనే కొలత సాధనం చూపే టాస్క్ క్లాక్‌తో దాన్ని సరిచూసుకోవచ్చు.

ఆ కొలతలకూ ముందే తెలిసిన జవాబుకూ తేడా వస్తే అనుమానం ఇంటరప్టుల మీదికి మళ్లాలి. నెట్‌వర్క్ కార్డు తెచ్చిన పని, ఆ సమయాన ప్రాసెసర్ మీదున్న అమాయక ప్రాసెస్ ఖాతాలో పడి ఉండవచ్చు. ఇంటరప్టు సమయాన్ని వేరుగా లెక్కించే కాన్ఫిగరేషన్ అందుకే ఉంది. వర్చువల్ యంత్రాల్లో హైపర్‌వైజర్ పక్క యంత్రాలకు ఇచ్చేసిన కాలం టాప్‌లోని స్టీల్ గడిలో కనిపిస్తుంది.

యూజర్, కెర్నల్ పంపకం కూడా సరిగ్గా తేలాలంటే, కెర్నల్‌లోకి వెళ్లినప్పుడూ బయటికి వచ్చినప్పుడూ గడియారం చూసి రాసే కచ్చితమైన పద్ధతీ ఉంది. ప్రతి సిస్టమ్ కాల్‌కూ దాని ఖర్చు పడుతుంది కాబట్టి అందరికీ తగదు. ఇక డిస్కు వంటి వాటి కోసం ఎదురుచూసిన కాలం చూపే ఐవోవెయిట్ గడి సంగతి వేరు. ఆ అంకె నమ్మదగింది కాదని లినక్స్ ప్రాక్ మాన్యువల్‌లోనే రాసి ఉంది.